చింతగింజల మార్కులు

మేబెల్ టీచర్ బీరువా తలుపుకి లోపలివైపు ఒక చార్టు అంటించి ఉంది. అది ఆమె అంటించుకున్నది కాదు. స్కూలు కమిటీ సెక్రటరీ జ్ఞానశేఖర్ గారు స్వయంగా గీసి ఇస్తే, హెడ్‌మిస్ట్రెస్ సువార్తమ్మ గారు ఆయా నర్సమ్మకి గోందు సీసా ఇచ్చి పంపి అంటింపించారు. రంగుల పెట్టె తియ్యాలన్నా, కాగితాలు తియ్యాలన్నా ముందు ఆ చార్టు మొహంలో మొహం పెట్టి చూడాల్సిందే. పెన్సిలు ముక్క కోసం బీరువా తెరిచినా ఆమెకి ఒళ్ళు మండుతుంది.

చూడటానికి మాత్రం ముచ్చటైన చార్టు. అచ్చువేసినట్టు అక్షరాలు, ఎక్కడా వంకర లేని గీతలు. అందులో ఐదు గళ్ళు. శుభ్రత, మార్జిను, కొలతలు, రంగు గీత దాటకుండా ఉండటం, అసలు వస్తువుతో పోలిక. ఒక్కో గడికి పది మార్కులు. నలభై దాటితే ఏ, ముప్పై దాటితే బి, ఇరవై దాటితే సి, ఆ కిందిదంతా డి.

జ్ఞానశేఖర్ గారు రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్. వంతెనలు కట్టేముందు వాటి బొమ్మలు గీసే పని. వంతెన బొమ్మలో వెంట్రుకవాసి తేడా వస్తే రైలే పడిపోతుంది కాబట్టి ఆయనకి అంత పట్టింపు ఉండాల్సిందే. ఎనిమిదో తరగతి పిల్ల గీసిన మేకపిల్లలో బెత్తెడు తేడా వచ్చినా ఏ రైలూ పడిపోదని ఆయనకి చెప్పేవాళ్ళు మాత్రం ఆ స్కూల్లో లేరు. ఆయన మాట కాదంటే స్కూలు గోడకి సున్నం కూడా పడదు.

మేబెల్ పద్ధతి వేరు. శుక్రవారం చివరి రెండు పీరియడ్లూ ఎనిమిదో తరగతికి డ్రాయింగే. బొమ్మలు పూర్తయ్యాక అన్నిటినీ పొడుగాటి వరండాలో నేలమీద పరిపిస్తుంది. ఎగిరిపోకుండా మూలల్లో గులకరాళ్ళు పెట్టిస్తుంది. పేరు వెనకవైపే రాయాలి, ముందువైపు రాయకూడదు. ఆడపిల్లలందరూ నోరు మూసుకుని ఆ బొమ్మల చుట్టూ ఒకసారి తిరగాలి. అప్పుడు ఒక్కొక్కరి చేతిలో మూడేసి చింతగింజలు పెడుతుంది. ఇంటికి వెళ్ళేలోపు మళ్ళీ ఒకసారి చూడాలనిపించిన బొమ్మ పక్కన గింజ పెట్టాలి. తన బొమ్మకి తాను పెట్టుకోకూడదు. ఆ గింజలు మార్కులు కావు. ఎక్కడ ఆగి చూడాలో టీచరుకి చెప్పే గుర్తులు, అంతే. ఒక్కోసారి పిల్లలందరూ వదిలేసిన బొమ్మ దగ్గరే ఆమె ఎక్కువసేపు కూర్చునేది.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఒక్కో బొమ్మ దగ్గరా చతికిలబడి, వెనక గుండుసూదితో గుచ్చిన చిత్తు కాగితం చూస్తుంది. పోయిన నెల అదే పిల్ల ఏం గీసిందో గుర్తు చేసుకుంటుంది. చివర్లో ఆ పిల్లని పిలిచి ఒకటే ప్రశ్న అడుగుతుంది. "ఎక్కడ కష్టమైంది?" సొంతంగా గీసిన పిల్ల ఈ ప్రశ్నకి తడుముకోదు. కుక్క కాళ్ళు రాలేదనో, అమ్మ ముక్కు మూడుసార్లు చెరిపాననో గబగబా చెప్పేస్తుంది. మార్కు పడేది అప్పుడు. ఇదంతా అయ్యేసరికి మేబెల్‌కి మోకాళ్ళు పట్టేస్తాయి. అష్టాచెమ్మాకి బాగుంటాయని పిల్లలు గింజలు లంగా జేబుల్లో వేసుకుపోతారు. ప్రతి నెలా బన్సీలాల్‌పేట్‌లో ఇంటి పక్కన చింతపండు గింజ తీసే ఆమెని అడిగి కొత్తవి తెచ్చుకోవాలి.

అప్పుడప్పుడే కంప్యూటర్ల పిచ్చి మొదలైన రోజులు. జంటనగరాల్లో ఏ స్కూలు గేటుకి చూసినా కంప్యూటర్ బొమ్మే. ఈ స్కూలుకీ జూన్‌లో కంప్యూటర్లు వస్తున్నాయన్నారు. వాటికి పీరియడ్లు కావాలి. లెక్కల్లోంచి తియ్యలేరు, ఇంగ్లీషులోంచి తియ్యలేరు. సువార్తమ్మ గారి చూపు శుక్రవారం మీద పడింది. పిల్లల డ్రాయింగు మార్కులకి లెక్కా జమా లేదని తల్లిదండ్రులు అంటున్నారనీ, ఈ గింజల పద్ధతి ఎవరికీ వివరించలేకపోతున్నాననీ ఆవిడ ఒకటికి రెండుసార్లు అన్నారు. చార్టు ప్రకారం మార్కులు వేస్తే సరే, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మాత్రం ఎనిమిది నుంచి పై తరగతులకి డ్రాయింగు ఉండదని ఖాయంగా చెప్పేశారు.

ఆ ఇంకొక్క ఫిర్యాదు జ్ఞానశేఖర్ గారి దగ్గర్నుంచే వచ్చింది.

ఆయన కూతురు ఆలిస్ ఎనిమిదో తరగతి. రెండు జడలు, గొంతు పెగలని పిల్ల. పిలిస్తే లేచి నిలబడుతుంది గానీ ఎందుకు పిలిచారని అడగదు. ఇంటిదగ్గర సికింద్రాబాదు స్టేషను బొమ్మ గీసుకు రమ్మంటే తెచ్చింది. ఆ బొమ్మ చూసి మేబెల్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పట్టాలు దూరంగా వెళ్ళి ఒక్క చుక్కలో కలుస్తున్నాయి. ఓవర్‌బ్రిడ్జి మెట్లు లెక్కపెట్టుకోవచ్చు. గడియారంలో రోమన్ అంకెలున్నాయి. చుట్టూ నాలుగువైపులా సమానంగా మార్జిను. అంత పెద్ద స్టేషన్లో ఒక్క మనిషి లేడు. పోర్టరు లేడు, చాయ్ అమ్మేవాడు లేడు, మూటమీద కూర్చున్న ముసలమ్మ లేదు. అది ఎవరు గీశారో స్కూల్లో బల్లలక్కూడా తెలుస్తుంది. కానీ అంటే తగులుకుంటుంది. సెక్రటరీ గారు కూతురి హోంవర్కు చేస్తున్నారని ఎవరి నోట రావాలి? అందునా ఆ పిల్ల ముందు?

మేబెల్ చిత్తు కాగితం అడిగింది. లేదంది ఆలిస్. ఎక్కడ కష్టమైందని అడిగింది. "ఎక్కడా కాలేదు టీచర్" అంది ఆలిస్, నేలచూపులు చూస్తూ. అబద్ధం చెప్పలేదు పాపం. మేబెల్ బి వేసి పంపించింది.

సోమవారం సువార్తమ్మ గారి గదినుంచి పిలుపు వచ్చింది. బల్లమీద స్టేషను బొమ్మ ఉంది. దాని పక్కన చార్టు కాపీ. ఆవిడ స్వయంగా మార్కులు వేసి చూశారట, నలభై ఎనిమిది వచ్చాయి. పట్టాలకి రంగు కొంచెం పలచనయిందని రెండు తగ్గించారు. నలభై ఎనిమిదికి బి ఎలా వేశావని అడిగారు. చిత్తు కాగితం లేదని మేబెల్ చెప్పింది. చిత్తు కాగితానికి చార్టులో గడి లేదని సువార్తమ్మ గారన్నారు. ఆ పిల్ల బొమ్మ గురించి ఒక్కముక్క చెప్పలేకపోయిందని మేబెల్ అంది. ఇది డ్రాయింగు పరీక్షా, ఉపన్యాసాల పోటీయా అన్నారావిడ.

"అమ్మగారూ, అది ఆ పిల్ల గీసిందనే మీరు అనుకుంటున్నారా?"

సువార్తమ్మ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేననుకోవడం ఎందుకు? పేరు ఎవరిదుంటే వాళ్ళు గీసినట్టే. ఆయన ముందు ఆ మాటన్నావంటే నీకూ నాకూ ఇద్దరికీ నూకలు చెల్లినట్టే."

చివరికి ఆవిడే ఒక దారి చూపించారు. శుక్రవారం క్లాసులో, అందరి కళ్ళముందూ బొమ్మ పరీక్ష పెట్టాలి. శనివారం ఒంటిపూట బడి అయ్యాక సెక్రటరీ గారు వస్తారు, ఆయనకి ఆఫీసు సెలవు. ఆయన ముందే మార్కులు వెయ్యాలి. ఆయనకి సబబుగా తోస్తే డ్రాయింగు పీరియడ్లు ఉంటాయి, లేకపోతే కంప్యూటరుకి పోతాయి. మేబెల్ తలూపి బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళకి పైగా పిల్లలకి మార్కులు వేసిన మనిషికి ఇప్పుడు ఎవరో మార్కులు వేస్తారన్నమాట. మెట్లు దిగుతూ ఆమె ఆ చార్టు గీసిన చేతిని మనసులో అనరాని మాటలన్నీ అని, ప్రభువుని క్షమాపణ అడుక్కుంది.

శుక్రవారం బొమ్మకి ఏం పెట్టాలా అని ఆమె పెద్దగా ఆలోచించలేదు. "మీ ఇంట్లో మీరు రోజూ చూసేది గీయండి" అంది. అని, వెంటనే చెయ్యెత్తి కొండలు కూడదని హెచ్చరించింది. ఈ కొండలతో ఆమెకి ఎప్పటినుంచో పేచీ. ఒక్కతీ ఊరు దాటి ఎరగదు. వాళ్ళకి కనిపించే గుట్టంటే మౌలాలి గుట్ట ఒక్కటే. అయినా కాగితం చేతికిస్తే చాలు, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందనుంచి ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన వంగిన కొబ్బరిచెట్టు. ఎన్నేళ్ళనుంచి చెరిపిస్తున్నా ఆ కొండలు మళ్ళీ మొలుస్తూనే ఉన్నాయి. ఆ చార్టు ప్రకారం చూస్తే వాటికే ఎక్కువ మార్కులు. అలవాటైన చెయ్యి కదా, తప్పు పోదు.

కాసేపటికి తిరిగి చూస్తే ముందు బెంచీ పిల్ల కొండలే గీస్తోంది. ఏమిటని గద్దిస్తే, "మా ఇంట్లో క్యాలెండర్ మీద ఉంటయి టీచర్, రోజు చూస్త" అంది. మేబెల్ సరేనని గీసుకోమంది.

ఆలిస్ సగం పీరియడ్ దాకా కాగితం మీద చెయ్యి పెట్టలేదు. పెట్టెలోంచి స్కేలు తీసి మార్జిను కొట్టబోతుంటే మేబెల్ వెళ్ళి ఆ స్కేలు తీసేసుకుంది. స్కేలు లేకుండా ఎలా అన్నట్టు ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. "వంకరొస్తే రానీ" అని మేబెల్ విసుక్కుని పక్క బెంచీకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు చూడలేదు. చూస్తే సాయం చెయ్యాలనిపిస్తుందని చూడలేదు. గంట కొట్టేసరికి అందరి కాగితాలతోపాటు ఆలిస్ కాగితం కూడా బోర్లించి ఉంది.

శనివారం పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక మేబెల్, నర్సమ్మ కలిసి వరండాలో బొమ్మలు పరిచారు. నర్సమ్మ గులకరాళ్ళు పెడుతూ సణుగుతూనే ఉంది. "కంప్యూటర్లొస్తె ఈ రాళ్ళ తక్లీఫ్ ఉండదు మేడం. బటన్ నొక్కితె బొమ్మ అదే పడ్తదంట." మార్కులు కూడా అదే వేసుకుంటుందేమో కనుక్కోమంది మేబెల్.

జ్ఞానశేఖర్ గారు ఆలిస్‌ని గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టి లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు రంగుల పెన్నులు, చేతిలో పొడుగాటి స్కేలు. మనిషి చెడ్డవాడు కాదు. చర్చిలో మేబెల్ కనబడితే అక్కయ్య గారూ అని పలకరిస్తారు. క్రిస్మస్‌కి చర్చి ముందు కట్టే కాగితపు నక్షత్రం ఏటా ఆయనే చేస్తారు. స్కూలు గేటు దాటితే మాత్రం అక్కయ్య కాస్తా టీచరు గారవుతుంది.

"వందనాలండీ టీచరు గారూ" అన్నారు. ఆయన వెనకే సువార్తమ్మ గారు స్టేషను బొమ్మ పట్టుకుని వచ్చారు. ముందు దీని సంగతి తేల్చుకుందామని ఆయన అన్నారు. కోపం ఏమీ లేదనీ, తెలుసుకుందామనే అడుగుతున్నాననీ, చార్టులో దేనికి మార్కులు తగ్గాయో చెబితే దిద్దుకోవచ్చు గదా అనీ. గొంతు మర్యాదగానే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

మేబెల్ ఆయన్ని కూడా పిల్లల్ని అడిగినట్టే అడిగింది. అలవాటు కొద్దీ వచ్చిన మాటే, అందులో ఎత్తుగడ ఏమీ లేదు. "ఈ బొమ్మలో ఎక్కడ కష్టమైందండీ?"

"ఎక్కడేమిటండీ, ఆ ఓవర్‌బ్రిడ్జి మెట్లు" అన్నారాయన వెంటనే. "ఆ మూలనుంచి చూస్తే కింది మెట్టు పెద్దదిగా, పైది చిన్నదిగా రావాలి గదా. రెండుసార్లు వేసి చెరపాల్సి వచ్చింది. మూడోసారి దారం పెట్టి లాగితే గానీ..."

అక్కడ ఆగిపోయారు. సువార్తమ్మ గారు తల పైకెత్తి, తిరగని ఫ్యాను వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళిపోయింది. "అని మా ఆలిస్ చెప్పింది" అని ఆయన కాసేపటికి ముగించారు. అలాగేలెండి అంది మేబెల్. స్టేషను బొమ్మ సువార్తమ్మ గారి చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన ఎవరి మొహమూ చూడకుండా పరిచిన బొమ్మల మీద పడ్డారు. వంగి వంగి స్కేలు పెట్టి కొలిచారు. చార్టు గళ్ళలో అంకెలు వేశారు. సువార్తమ్మ గారు కూడారు. అందరికంటే ఎక్కువ మార్కులు క్యాలెండర్ కొండలకే వచ్చాయి. గ్యాస్ సిలిండరు పక్కన చాపమీద నిద్రపోతున్న నాయనమ్మకి డి. కుళాయి దగ్గర బిందెల వరుసకి సి. బిందెలన్నీ ఒక్క కొలతలో లేవట. ఇళ్ళల్లో ఉండే బిందెలు ఒక్క కొలతలో ఎప్పుడున్నాయని మేబెల్ అడగబోయి నాలుక కరుచుకుంది. ఆయనకీ ఏదో తేడాగానే ఉన్నట్టుంది. కొండల దగ్గరికి రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూశారు. మార్కులు సరిగ్గానే పడ్డాయి, బొమ్మ మాత్రం క్యాలెండరే.

"మీ పని అయింది కదా, ఇప్పుడు నా పని చూద్దురుగాని" అని మేబెల్ ఆయన అరచేతిలో మూడు చింతగింజలు పెట్టింది. స్కేలు తీసుకుని గోడకి ఆనించింది. ఒకసారి చుట్టూ తిరిగి రమ్మంది. ఇంటికెళ్ళేలోపు మళ్ళీ చూడాలనిపించిన దాని దగ్గర పెట్టమంది. ఈ వయసులో అష్టాచెమ్మా ఆడిస్తున్నారా అన్నట్టు ఆయన హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశారు. కానివ్వండి, అదీ చూద్దాం అన్నారావిడ.

ఆయన తిరిగారు. నిద్రపోతున్న నాయనమ్మ దగ్గర ఆగి, డి ఇచ్చిన సంగతి గుర్తొచ్చి ఇబ్బందిగా కదిలి, మళ్ళీ వెనక్కొచ్చి ఒక గింజ పెట్టారు. వరండా చివర ఇంకో బొమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడిపోయారు. అది కొలిచేటప్పుడు ఆయన సరిగ్గా చూసినట్టు లేదు. మార్జిను లేదని చెప్పి, కొలతలు తప్పని చెప్పి, గబగబా దాటేశారు.

రంగు లేని బొమ్మ. ఉత్త పెన్సిలు. ఒక మగమనిషి వీపు. బల్లమీదికి బాగా వంగిపోయి ఏదో గీసుకుంటున్నాడు. మొహం కనపడదు. బనియను భుజం దగ్గర చిరిగి ఉంది. మోచెయ్యి కాగితం అంచుదాకా పొడుచుకొచ్చింది. బల్లమీద దీపం సగంలో వదిలేసినట్టుంది. పక్కన ఎత్తు కుర్చీలో రెండు జడల పిల్ల, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం ఒకచోట నల్లబడి, పొర లేచిపోయింది.

జ్ఞానశేఖర్ గారు చొక్కా మీదనుంచే భుజం తడుముకున్నారు. మిగిలిన రెండు గింజలూ దాని పక్కన పెట్టారు. వంగి కాగితం తిరగేసి పేరు చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చూడక్కర్లేకపోయింది.

అక్కడ ఏం జరుగుతోందో సువార్తమ్మ గారికి తెలిసిందో లేదో గానీ, ఆవిడ చార్టు కాగితం పట్టుకుని పక్కకొచ్చారు. ఇది కొలిచారు గానీ పూర్తి చెయ్యలేదు సార్ అన్నారు. శుభ్రతకి మూడు. మార్జినుకి సున్నా. కొలతలకి నాలుగు. రంగు లేదు కాబట్టి సున్నా. "పోలిక గడి ఖాళీగా ఉందండీ. ఎంత వెయ్యమంటారు?"

ఆయన మళ్ళీ ఆ వీపు వైపు చూశారు.

"పది" అన్నారు. "పోలికకి పది వెయ్యండి."

ఆవిడ కూడారు. పదిహేడు. డి.

"డి ఎట్లా అవుతుందండీ" అన్నారు జ్ఞానశేఖర్ గారు.

"మీ చార్టే కదండీ."

ఆయన మేబెల్ వైపు తిరిగారు. గేటు లోపలే ఉన్నారు గానీ టీచరు గారన్న పిలుపు ఎటో పోయింది. "అక్కయ్య గారూ, మీరు చెప్పండి. మీ పద్ధతిలో దీనికెంత?"

మేబెల్ బొమ్మ పక్కన చతికిలబడింది. అప్పటికే మోకాళ్ళు సలుపుతున్నాయి. ఇప్పుడు ఏ అనేస్తే పీరియడ్లు నిలబడతాయి. ఆయన ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆమె బొమ్మని దగ్గరగా చూసింది, కొంచెం జరిగి దూరంనుంచి చూసింది. ఆ వీపు ఎనిమిదో తరగతి పిల్ల చేతిలోంచి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ దీపం వదిలేసింది. బల్లకి నాలుగో కాలు లేదు. ఆ పిల్ల చేతులకి వేళ్ళే లేవు. వేళ్ళు రాని పిల్లలందరూ చేసే పనే ఇది. చేతుల్ని ఒళ్ళోనో జేబులోనో దాచేస్తారు.

"బి" అంది.

"దీనికీ బీయేనా?"

"దీనికీ బీయే. ఆ వీపుకి నేను ఏ వేస్తా. మిగతాది సగంలో ఒదిలేసింది. వేళ్ళు గీయలేక చేతులు ఒళ్ళో పెట్టేసింది చూడండి."

ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఇందాక మర్యాద కోసం అణుచుకున్నదంతా ఇప్పుడు బయటపడింది. చార్టుకి ఏ వస్తే మీరు బి అంటారు, చార్టుకి డి వచ్చినా మీరు బీయే అంటారు, మా పిల్లకి ఆ ఒక్క అక్షరమే రాసిపెట్టారా అన్నారు. మేబెల్ కూడా తగ్గలేదు. వారం నుంచి కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కింది. పోయినసారి బి ఆ పిల్లకి వేసింది కాదనీ, ఎవరికి వేసిందో వాళ్ళకి తెలుసుననీ, తనకి పీరియడ్లు పోయినా సరే రేపు ఆదివారం ఆరాధనలో ఆయన పక్కన కూర్చోవాల్సొచ్చినా సరే అది బీయేననీ. సువార్తమ్మ గారు చార్టు కాగితంతో విసురుకుంటూ ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

ఆయన ఉన్నట్టుండి చల్లబడ్డారు. బొమ్మ వైపు చూసి, "గురువారం గురువారం ఈ హోంవర్కు వేసేటప్పుడు అది పక్కనే కూర్చుంటుంది. కూర్చోమని నేనే అంటాను, చూసి నేర్చుకుంటుందని" అన్నారు. అది ఎవరితో అన్నారో తెలియలేదు. స్కేలు గోడ దగ్గరే మర్చిపోయి మెట్లు దిగి గేటు వైపు వెళ్ళారు. వేపచెట్టు కింద ఆలిస్ లేచి నిలబడింది. ఆయన ఏమన్నారో వరండాలోకి వినపడలేదు. ఆ పిల్ల స్కూలు సంచీ తనే తగిలించుకోబోయి, ఆ సంచీ అప్పటికే తండ్రి భుజం మీద ఉండటం చూసి ఊరుకుంది.

తీర్పు సోమవారం వచ్చింది. అటూ ఇటూ కాని తీర్పు. సెక్రటరీ గారు డ్రాయింగు ఉండాల్సిందేనన్నారట. అయితే కంప్యూటర్లకి చెప్పేశారు కాబట్టి ఒక పీరియడ్ ఇవ్వక తప్పదట. జూన్ దాకా కూడా ఆగకుండా, కంప్యూటర్ పాఠం పుస్తకం చూసి చెప్పడం ఈ వారం నుంచే మొదలట. చార్టు తీసేస్తారా అని మేబెల్ ఆశగా అడిగింది. దానికి సువార్తమ్మ గారు కొత్త చార్టు తీసి చూపించారు. అచ్చువేసినట్టు అక్షరాలు, వంకరలేని గీతలు. ఐదు గళ్ళ కింద ఆరోది చేరింది. "చింతగింజలు: పది మార్కులు."

గింజలు మార్కులు కావు మొర్రో అని ఆమె చెప్పబోయింది. ఎవరికి చెప్పాలి? నర్సమ్మ గోందు సీసాతో అప్పటికే బీరువా దగ్గరుంది.

శుక్రవారం ఉన్న ఒక్క పీరియడ్లో బొమ్మలు పరవడానికే సగం టైము పోయింది. పోయినవారం బొమ్మల్లో పిల్లల్ని అడిగి మార్కు వెయ్యాల్సినవి మిగిలే ఉన్నాయి. మేబెల్ ఒక్కొక్కరినే పిలిచి తొందరపెడుతోంది. ఆలిస్ వచ్చి నిలబడింది. చేతిలో ఈ వారం హోంవర్కు ఉంది. వేలిముద్రలు పడి, నీళ్ళొలికి, ఒక అంచు ముడుచుకుపోయి ఉంది. మార్జిను ఏటవాలుగా పోయింది. వెనక చిత్తు కాగితాలు ఒకటి కాదు, గుండుసూది పట్టనన్ని.

దాని సంగతి తర్వాత చూద్దామని చెప్పి, మేబెల్ వీపు బొమ్మ ముందుకు లాగింది. బి అని మనసులో ఎప్పుడో వేసేసుకుంది. అయినా అడగాలి గనక అడిగింది. "ఎక్కడ కష్టమైంది?"

"బనియన్ చిరుగు టీచర్" అంది ఆలిస్. "చిరుగు గీస్తే మరకలాగా వచ్చింది. దాని కిందనుంచి ఒళ్ళు కనిపించాలి కదా. అందుకే అక్కడ కాగితం లేచిపోయింది. తర్వాత మోచెయ్యి. నాన్న మోచెయ్యి నాకు తగులుతూ ఉంటుంది, అందుకని పెద్దగా వచ్చింది. నాకు అంతే కనిపిస్తుంది."

"మరి దీపం ఎందుకు ఒదిలేసినవ్?"

"ఒదల్లేదు టీచర్. నాన్న తల అడ్డం. అవతలిది నాకు కనపడదు."

మేబెల్ బొమ్మని మళ్ళీ చూసింది. అడ్డమే. బల్ల నాలుగో కాలు కూడా ఆ కుర్చీలోంచి కనపడదు. శనివారం తాను దగ్గరనుంచీ దూరంనుంచీ చూసిందే గానీ, ఆ ఎత్తు కుర్చీలోంచి చూడలేదు. ముందు అడిగి తర్వాత మార్కు వెయ్యాలని అందరికీ చెప్పే మనిషి, ఆ పెద్దమనిషి మీద కోపంలో అడక్కుండానే బి అని అరిచింది.

"చేతులో?" అంది, గొంతు తగ్గించి. "వేళ్ళు రాలేదా?"

ఆలిస్ తన రెండు చేతులూ ముందుకు చాచి చూపించింది. వేళ్ళు మడిచి, పిడికిళ్ళు ఒకదాని కింద ఒకటి దాచింది. "ఇట్లా పెట్టుకునేదాన్ని టీచర్, పెన్సిలు ముట్టుకోవాలనిపించకుండా. పోయిన గురువారం దాకా."

గంట కొట్టారు. కంప్యూటర్ పాఠానికి తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి గుమ్మంలో తోసుకుంటున్నారు. నర్సమ్మ గులకరాళ్ళు ఏరేస్తోంది. ఎక్కడినుంచో ఒకతి, "ఆలిస్, రావే" అని కేకేసింది. ఆలిస్ కదల్లేదు. ఈ వారం బొమ్మ తీసి పైన పెట్టి, ఇందులో చేప కళ్ళు కష్టమయ్యాయని, అమ్మ చేపలు కడిగేటప్పుడు చూస్తే చచ్చిన చేప కూడా తనవైపే చూస్తున్నట్టుందని, అందుకని ముందు ఒక కన్ను గీసి చెరిపి, మళ్ళీ గీసి, ఆ చిత్తు కాగితం ఇదిగో అని, ఇంకోటి కూడా ఉందని చెప్పుకుంటూ పోతోంది. ఆపమని ఎవరూ చెప్పే వీలు కనిపించలేదు.

మేబెల్ చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. మార్కు ఇంకా వెయ్యలేదు. ఒక్క పీరియడ్ ఇచ్చి, ఇంత మాట్లాడే పిల్లని ఇస్తే ఏ మనిషి వేస్తాడు మార్కులు? గుమ్మం వైపు చెయ్యెత్తి తొమ్మిదో తరగతిని కాసేపు ఆగమని కసిరింది. మోకాళ్ళు మూలుగుతుంటే కిందకి చతికిలబడి, "సరే, ఆ రెండో చిత్తు కూడా చూపించు" అంది.